భుజకీర్తుల సీమలో కట్టుడు కాలు

ఆదోని నుంచి బళ్లారి వైపు పోయే బస్సు ఆలూరులో ఆగితే, దిగేవాళ్ల నోట తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపిస్తాయి. "యాడికప్పా" అని ఒకరడిగితే "బళ్లారిగె" అని జవాబొస్తుంది. ఎవరికీ వింతగా తోచదు. కర్నూలు జిల్లా పడమటి కొసన నల్లరేగడి చేల నడుమ ఉన్న ఈ ఊరు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి అటు పోయింది. ఇప్పటికీ పత్తి అమ్ముకోవాలంటే ఆదోని, రైలెక్కాలంటే గుంతకల్లు, పెద్ద జబ్బు చేస్తే కర్నూలో బళ్లారో. వాన పడితే పత్తి, వేరుశనగ, మిరప, ఉల్లి. పడకపోతే ఇంటిల్లిపాదీ సుగ్గికి పోవడమే. గుంటూరు దిక్కున మిరపకాయలు కోయడానికి మూటాముల్లె కట్టుకుని బయల్దేరే కుటుంబాలు ఈ మండలాల్లో ప్రతి ఏడూ కనిపిస్తాయి.

ఆలూరు పేరెత్తితే పత్రికలవాళ్లం మామూలుగా కరువు, వలస, ఫ్యాక్షన్ అనే మూడు మాటలతో సరిపెడతాం. నేను ఇవాళ ఇంకో సంగతి రాస్తాను. మనిషి ఒంటికి లేని అంగాన్ని తగిలించే విద్య గురించి. నాటకంలో ఆ పని చేసేవాళ్లున్నారు, ఆసుపత్రిలో చేసేవాళ్లూ ఉన్నారు. ఒకరినొకరు ఎరగరు. నాటకాలూ గాయాలూ రెండూ ఎక్కువగా చూసిన ఈ సీమలో మాత్రం వాళ్లిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలనిపిస్తుంది.

ముందు నాటకం సంగతి. ఆలూరు తాలూకా బళ్లారిలో ఉన్న రోజుల్లోనే ఆ పట్నం తెలుగు నాటకానికి పుట్టిల్లయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో వకీలుగా స్థిరపడిన రాఘవాచార్యులు, బళ్లారి రాఘవగా దేశమంతా పేరు తెచ్చుకున్నది ఈ గడ్డ మీదే. పట్నంలో తెరలు, సీనరీలు, హార్మోనియం వచ్చినా పల్లెల్లో మాత్రం బయలాట, వీధినాటకం, తోలుబొమ్మలాటే రాజ్యమేలాయి. జాతర వచ్చిందంటే ఊరి మధ్య బయల్లో పందిరి వేసి తెల్లవార్లూ ఆడేవారు. ఈ సరిహద్దు పల్లెల్లో ఆ ముచ్చట ఇంకా పూర్తిగా పోలేదు.

వేషం కట్టే చోట కాసేపు కూర్చుంటే ఎన్నో సంగతులు తెలుస్తాయి. ముఖానికి రంగు పూయడం సగం పనే. అసలు శ్రమంతా ఒంటికి కట్టేవాటితో ఉంటుంది. భుజకీర్తులు తేలికపాటి కొయ్యతో చెక్కి, బంగారు కాగితం, అద్దపు ముక్కలు అతికించినవి. వాటిని భుజాల మీద నిలబెట్టి చంకల కింది నుంచి తాడు లాగి వీపు మీద ముడేస్తారు. ముడి బిగిస్తే ఊపిరాడదు. వదులైతే పద్యం మధ్యలో ఒకవైపు జారిపోతుంది. కట్టుకున్నాక చేతులు ఒంటికి ఆనవు. మోచేతులు రెండూ ఎడంగా, ఛాతీ ముందుకు పొంగించి నిలబడాల్సిందే. దుర్యోధనుడి ఠీవి అని మనం చెప్పుకునే నడకలో సగం ఆ కొయ్యముక్కలు నేర్పినదే. కిరీటం బరువుకు మెడ తిప్పడం నిదానమవుతుంది, దాంతో రాజు తొందరపడని మనిషిలా కనిపిస్తాడు. ఒంటికి ఏది కట్టుకున్నా నడక మారుతుందని వేషగాడికి పుస్తకం చదవకుండానే తెలుసు.

రావణాసురుడి తలలు ఇంకా తమాషా అయిన లెక్క. పది తలల్లో ఒకటి నటుడిది. మిగిలిన తొమ్మిదిని రెండు వైపులా పంచితే ఒక పక్క అయిదు, ఒక పక్క నాలుగు. అంటే బరువెప్పుడూ ఒకవైపే లాగుతుంది. ఆ తలలు బిగించిన పలకను తయారుచేసేవాడు నాలుగు తలల వైపు తూకం సరిచేయకపోతే రావణుడి మెడ తెల్లారేసరికి పట్టేస్తుంది. ఎన్.టి. రామారావు 'సీతారామ కళ్యాణం' (1961)లో పది తలలతో కనిపించినప్పుడు ప్రేక్షకులు చూసింది ఆయన రాజసాన్ని. ఆ రాజసం వెనక ఎవరో పనివాడు తూకం చూసి ఉంటాడన్న ఊహ నాకు ఆ సినిమా చూసిన ప్రతిసారీ కలుగుతుంది.

తోలుబొమ్మలవాళ్లది ఇంకో నేర్పు. ఆంధ్ర తోలుబొమ్మ మనిషెత్తు దాకా ఉంటుంది. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడి తోలు ముక్కలు. వాటిని దారపు ముళ్లతో కలుపుతారు. ముడి గట్టిగా పడితే హనుమంతుడి చెయ్యి లేవదు, మెత్తగా పడితే వేలాడుతుంది. ఆడీ ఆడనట్టుండే ఆ ముడి వేయడం రావాలంటే ఏళ్లు పడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని ఇప్పటికీ సాగుతోంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి మొదలైన సురభి నాటక సమాజం వాళ్లూ అంతకుముందు బొమ్మలాడించినవాళ్లే. తోలుకు కీలు కట్టినవాళ్లు తర్వాత తామే రంగు పూసుకుని స్టేజీ ఎక్కారు.

జాతరలో కీలుగుర్రం వేసేవాడు వెదురు, గుడ్డతో చేసిన గుర్రాన్ని నడుముకు కట్టుకుంటాడు. మరగాళ్లవాడు కర్రలు కాళ్లకు కట్టుకుని జనం తలల మీదుగా నడుస్తాడు. గొరవయ్య నల్ల గొంగడి, గవ్వల పేర్లు, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని డమరుకం వాయిస్తూ వస్తాడు. ఆ టోపీ తలకెక్కగానే ఆయన మామూలు మనిషి కాదని భక్తుల నమ్మకం. తంజావూరు జిల్లా మెలట్టూరులో వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద నాటకాన్ని తమిళ నేల మీద ఏటేటా భాగవత మేళంగా ఆడతారు. అక్కడి నరసింహుడి మాస్కుకు పూజలు జరుగుతాయి. నాటకం అయిపోగానే పెట్టెలో పారేసే వస్తువు కాదది.

ఇక గాయాల సంగతి. ఆలూరు నియోజకవర్గంలోనే హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో, కొండమీద మాళమ్మ, మల్లేశ్వరుల కల్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒకవైపు దివిటీలు, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతారు. తలలు పగులుతాయి. గాయం మీద బండారు, అంటే పసుపు, అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. ఏటా ఆ రాత్రికి ప్రభుత్వం అక్కడ తాత్కాలిక ఆసుపత్రి ఏర్పాటు చేస్తుంది.

కాళ్లూ చేతులూ పోవడానికి మాత్రం బన్ని ఉత్సవం అక్కర్లేదు. హగరి నుంచి ఆలూరు, ఆదోని మీదుగా సాగే 167వ జాతీయ రహదారి లారీలు చాలు. గుంతకల్లు జంక్షన్ పట్టాలున్నాయి. ఆదోని జిన్నింగు మిల్లులు, వేరుశనగ నూర్పిడి యంత్రాలు, బోరుమోటారు దగ్గర తెగిన కరెంటు తీగలున్నాయి. ఒకప్పుడు పగలు రగిలిన పల్లెల్లో నాటుబాంబు విసిరినవాడికి, చుట్టినవాడికి, దారిన పోయినవాడికి తేడా లేకుండా చేతులు, కళ్లు పోయాయి. పోలియోను మన దేశం 2014 మార్చిలో వదిలించుకుంది గాని, అంతకుముందు దాని బారిన పడినవాళ్లు కాలిపర్లు వేసుకుని మన మధ్యే ఉన్నారు. ఇప్పుడు వీటన్నిటినీ షుగరు మించిపోతోంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం చెప్పింది. అరికాలికి స్పర్శ పోయిన మనిషి చెప్పుల్లేకుండా చేలోకి పోతే ముల్లు దిగింది తెలియదు. తెలిసేసరికి పుండు ఎముక దాకా పోతుంది. వేలుతో మొదలై పాదం, తర్వాత మోకాలి కింది దాకా తీసేయాల్సి రావడం డాక్టర్లు రోజూ చూస్తున్నదే.

పోయిన కాలికి బదులు మరో కాలు అన్న ఆలోచన మన దేశంలో చాలా పాతది. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు లోహపు కాలు ఇచ్చారని ఋగ్వేదంలోనే ఉంది. అయితే మన రైతు కూర్చునే తీరుకు, మన గడపలకు, మన చేలకు పనికొచ్చే కాలు రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు దొరికిన విదేశీ నమూనా పాదాలకు బూటు తొడగాలి. గొంతుక్కూచోవడం, బాసీపట్లు వేసుకోవడం వాటితో అయ్యేది కాదు. బూటేసుకుని గుళ్లోకి, వంటింట్లోకి ఎట్లా పోతారు? జైపూరులోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పి.కె. సేఠీ, పెద్ద చదువులేవీ లేని చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి దీనికి దారి కనిపెట్టారు. రబ్బరు టైర్లకు కొత్త తొడుగు వేసే పద్ధతి చూసి ఆ రబ్బరుతోనే పాదం పోయవచ్చని రామచంద్రకు తట్టిందని చెబుతారు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. శిల్పుల కుటుంబం నుంచి వచ్చిన రామచంద్ర పేరు దాని పక్కన ఎక్కడో చిన్నగా వినిపిస్తుంది. ఆ పేరు ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

మోకాలి కింద తెగిన కాలికి జైపూర్ కాలు ఎట్లా చేస్తారో దగ్గరగా చూద్దాం. మొండికాలికి పలచటి మేజోడు తొడిగి, ఎముక పొడుచుకొచ్చిన చోట్ల చెరగని పెన్సిలుతో గుర్తులు పెడతారు. తడిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ చుట్టి, గట్టిపడ్డాక ఊడదీస్తే గుల్ల మిగులుతుంది, పెన్సిలు గుర్తులు దాని లోపలి వైపు దిగి ఉంటాయి. అందులో ప్లాస్టరు పోసి ఆరబెడితే ఆ మనిషి మొండికాలి ప్రతిమ సిద్ధమవుతుంది. అసలు చెయ్యి తిరగాల్సింది ఇక్కడే. టెక్నీషియను ఆకురాయి పట్టుకుని ప్రతిమను కొన్నిచోట్ల అరగదీస్తాడు, కొన్నిచోట్ల ప్లాస్టరు మెత్తుతాడు. మోకాలిచిప్ప కిందుండే గట్టి కండర బంధం బరువు మోస్తుంది కాబట్టి అక్కడ అరగదీయాలి. ముందరి ఎముక అంచు మోయలేదు, అక్కడ మెత్తాలి. ఎక్కువ అరగదీస్తే రక్తం ఆడదు, తక్కువైతే కాలు సాకెట్లో దిగబడుతుంది. ఆ తర్వాత హెచ్‌డీపీఈ గొట్టాన్ని ఓవెన్లో మెత్తబడేదాకా వేడిచేసి ప్రతిమ మీదికి లాగుతారు. బోరు నీళ్లు చేనికి పారించే గొట్టం జాతిదే అది. అడుగున రబ్బరు పాదం బిగిస్తారు. ఆ పాదం లోపల మడమకూ వేళ్లకూ మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు దిమ్మెలు, చీలమండ దగ్గర కొయ్య ఉంటాయి. వాటి మీద ఒంటిరంగు రబ్బరు చుట్టి అచ్చులో పెట్టి కాలుస్తారు. మహావీర్ వికలాంగ సహాయతా సమితి లాంటి సంస్థల శిబిరాల్లో ఈ తతంగమంతా చకచకా అయిపోతుంది. 1975లో డి.ఆర్. మెహతా పెట్టిన మహావీర్ సమితి, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులతో కలిసి చేసిన చవకైన మోకాలి కీలును 2009లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో చేర్చింది.

ఆలూరు నేల ఈ కాలికి పెట్టే పరీక్ష వేరు. నల్లరేగడి ఎండినప్పుడు బీటలిస్తుంది, పాదం అంచు బీటలో ఇరుక్కుంటుంది. తడిస్తే చెప్పును వదలదు, కాలు ఎత్తబోతే పాదం బురదలోనే ఉండి సాకెట్ ఊడివస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటాక ప్లాస్టిక్ సాకెట్లో చెమట చేరి చర్మం నాని ఒరుసుకుపోతుంది. నేల మెత్తగా ఉందో, గట్టిగా ఉందో రబ్బరు పాదానికి తెలియదు. కాబట్టి మొండికాలి చర్మంతోనే నేలను తెలుసుకోవడం నేర్చుకోవాలి. నేర్చుకున్నాక మనిషి కలుపు తీస్తాడు, మిరపకాయలు కోస్తాడు, గేదెను నీళ్లకు తోలుకుపోతాడు.

లేని కాలు నొప్పి పెట్టడం ఇంకో బాధ. తీసేసిన పాదం దురద పెడుతోందని, బొటనవేలు మెలిపడిందని చెబితే ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుంటారు. అమెరికా డాక్టరు వైర్ మిచెల్ 1871లోనే దీనికి పేరు పెట్టి వివరించాడు. నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో ఒక సులువైన ఉపాయం చేశాడు. నిలువుటద్దం పక్కన పెట్టి, ఉన్న అంగం ప్రతిబింబం లేని అంగం చోట కనిపించేట్టు చేయడం. కదులుతున్నట్టు కన్ను చూస్తే కొందరికి నొప్పి తగ్గింది. వేషగాడు అద్దంలో చూసుకుని రాజైనట్టే, ఇక్కడా అద్దమే మెదడుకు నచ్చజెప్పింది.

కాలిపర్ల కథలో మన హైదరాబాదుకు గర్వపడదగ్గ పేజీ ఒకటుంది. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు రక్షణ ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పసిపిల్లలు మూడు కిలోల పైచిలుకు ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చింది. పిల్లలు పరుగెత్తడం చూసి తల్లిదండ్రులు కంటతడి పెట్టారని, తన జీవితంలో పెద్ద ఆనందాల్లో అదొకటని ఆయన చాలా సభల్లో చెప్పుకున్నారు.

అన్నిటిలోకీ కష్టమైనది కన్ను. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. సినిమా దర్శకుడు, నిర్మాత అక్కినేని లక్ష్మీవరప్రసాద్ కుటుంబం ఇచ్చిన భూమి, విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు దాన్ని నిలబెట్టారు. అక్కడ కృత్రిమ కన్ను చేసే విభాగం ఉంది. ఈ పనిలో ముందు కంటిగుంతకు అచ్చు తీస్తారు. మైనపు నమూనా పెట్టి రెప్ప సరిగా వాలుతోందా అని చూస్తారు. తర్వాత అక్రిలిక్‌తో తెల్లగుడ్డు చేస్తారు. నల్లగుడ్డును చేత్తో, సన్నటి కుంచెతో రాయాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ల రెండో కన్ను చూస్తూ గోధుమరంగులో ఎన్ని ఛాయలున్నాయో ఒక్కొక్కటే కలుపుకోవాలి. ఎర్రటి సన్నపోగులు అతికించి నరాలు చూపిస్తారు. పైన అద్దంలాంటి పొర పోసి మెరుగు పెడతారు. చివరికి ఆ కన్ను ఏమీ చూడదు. గుంత ముడుచుకుపోకుండా, రెప్ప కుంగకుండా కాపాడటం దాని వైద్యప్రయోజనం. దాని మిగతా పనంతా ఎదుటివాళ్ల చూపు కోసం. బాంబు పేలుడులో కన్ను పోయిన కుర్రాడు పెళ్లిచూపులకు కూర్చోవాలన్నా, పిల్లవాడు బడిలో తలెత్తాలన్నా అదే దిక్కు.

ఆసుపత్రిలో ఇంత కళ ఎందుకని అడిగేవాళ్లకు మొదటి ప్రపంచయుద్ధం జవాబు చెబుతుంది. తుపాకీ గుండ్లకు ముఖాలు చితికిపోయిన సైనికుల కోసం ప్యారిస్‌లో ఆనా కోల్‌మన్ లాడ్ అనే అమెరికన్ శిల్పి పలుచటి రాగిరేకుతో మాస్కులు చేసి, ఆ మనిషి ఒంటి రంగు కలిపి పూసి ఇచ్చింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేసి చేతులెత్తేసినచోట ఆమె పని మొదలైంది. ఇప్పుడు ముక్కు, చెవి పోయినవాళ్లకు సిలికాన్‌తో చేసి అతికించేవారూ, 'కల్కి 2898 ఏడీ'లో అమితాబ్ బచ్చన్‌ను అశ్వత్థామగా మార్చినవాళ్లూ మొదట చేసేది ఒకటే: ముఖానికి అచ్చు తీయడం. సినిమా ముక్కు సాయంత్రానికి ఊడదీసి పారేస్తారు. ఆసుపత్రి ముక్కును రాత్రి తీసి కడిగి, పొద్దున మళ్లీ పెట్టుకోవాలి.

స్టేజీ, ఆసుపత్రి రెండూ ఒకే ఒంట్లో కలిసిన కథ మన తెలుగు తెరమీదే వచ్చింది. సుధాచంద్రన్ పదిహేను పదహారేళ్ల నాట్యకళాకారిణి. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడి, పుండు విషమించి కుడికాలు మోకాలి కింద తీసేశారు. సేఠీ దగ్గరికి వెళ్లి కాలు పెట్టించుకుంది. తట్టడవు వేసినప్పుడల్లా సాకెట్ ఒరుసుకుని రక్తం కారేది. 1984లో మళ్లీ వేదికెక్కింది. రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ కోసం సింగీతం శ్రీనివాసరావు ఆ కథను 1985లో 'మయూరి'గా తీస్తే తన పాత్ర తానే వేసింది. జాతీయ స్థాయిలో జ్యూరీ ప్రత్యేక పురస్కారం వచ్చింది. నాకు తెలిసిన చాలామంది జైపూర్ కాలు అనే మాట మొదటిసారి విన్నది ఆ సినిమా వల్లనే. అంత పేరున్న ఆమెను కూడా విమానాశ్రయాల్లో తనిఖీ కోసం ప్రతిసారీ కాలు తీసి చూపించమనేవారు. 2021 అక్టోబర్‌లో ఆమె ప్రధానికి వీడియోలో మొరపెట్టుకున్నాక భద్రతాదళం క్షమాపణ చెప్పింది. కట్టుడు కాలు ఆమె ఒంట్లో భాగమని, తీసి చూపించే సామాను కాదని తెలుసుకోవడానికి ముప్పై అయిదేళ్లు దాటాక కూడా అంత గొడవ కావలసి వచ్చింది.

ఫ్రెంచి నటి సారా బెర్నార్‌ది మరో దారి. 1915లో, డెబ్బై ఏళ్ల వయసులో ఆమెకు కాలు తీసేశారు. కృత్రిమ కాలు వద్దని, కుర్చీలో మోయించుకుంటూ వచ్చి, కూర్చునే నటించింది. 1923లో చనిపోయేదాకా నటన మానలేదు. కాలు వద్దనుకునే స్వేచ్ఛ కూడా మనిషికి ఉండాలి. మన పల్లెల్లో కూడా కాలు వద్దని అటకెక్కించినవాళ్లుంటారు. వాళ్లది స్వేచ్ఛ కాదు. వాళ్ల కాలు వదులైపోయింది, లేదా బెల్టు తెగింది, లేదా పుండు పడింది. బాగుచేసేవాడు దగ్గర్లో లేడు. చంకకర్రే నయమనుకున్నారు.

నా బాధంతా ఈ అటక దగ్గరే. కాలు తీసేశాక మొదటి నెలల్లో మొండికాలు తగ్గిపోతుంది. అప్పుడు కొలిచి చేసిన సాకెట్ కొన్నాళ్లకే వదులవుతుంది. రెండు మూడు మేజోళ్లు కలిపి తొడుక్కుంటారు, తర్వాత అదీ చాలదు. పిల్లలకైతే ఎముక పెరుగుతుంది. కేంద్రం 1981 నుంచి అడిప్ పథకం కింద, ఆదాయ పరిమితి చూసి, ఉచితంగా పరికరాలిస్తోంది. ఒకసారి తీసుకున్నవాళ్లు మళ్లీ తీసుకోవాలంటే మూడేళ్లు ఆగాలి, పన్నెండేళ్లలోపు పిల్లలకు ఏడాది. కాన్పూరులో 1972లో పెట్టిన కృత్రిమ అవయవాల సంస్థ అలింకో దేశమంతటికీ సామాను పంపుతోంది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రాష్ట్రం 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవన్నీ మంచి పనులే, నేను తక్కువ చేయను. కాని శిబిరం రోజు బ్యానరు కట్టి, ఫొటో దిగి, కాలు తొడిగి పంపించాక, ఆర్నెల్లకు రివెట్ ఊడితే ఆలూరు పక్క పల్లె మనిషి ఎవరి దగ్గరికి పోవాలి? కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. కూలిపని పోగొట్టుకుని, తోడు ఒకరిని వెంటబెట్టుకుని, పోయిన రోజే పనవుతుందన్న నమ్మకం లేకుండా పోవాలి. అందుకే బెల్టును చెప్పులు కుట్టేవాడితో, స్క్రూను సైకిల్ షాపువాడితో బిగించుకుంటారు. వాళ్లు మంచి మనసుతోనే చేస్తారు గాని, సాకెట్లో ఒక అంచు ఒక్క గీత లోపలికి వంగినా పుండు పడుతుందని వాళ్లకెవరు చెప్పారు?

నాటకం వాళ్లు ఈ తప్పు చేయరు. డ్రెస్సుల కంపెనీ భుజకీర్తులను ఊరికి ఊరికే పంపదు. వెంట మనిషిని పంపుతుంది. ఆయన దగ్గర సూది, దారం, జిగురు, తాడు, అదనపు మీసం ఉంటాయి. ప్రవేశానికీ ప్రవేశానికీ మధ్య తెర వెనక కూర్చుని ఊడినదాన్ని అతికిస్తాడు, జారినదాన్ని బిగిస్తాడు. ఆయన లేకుండా ఏ సమాజమూ ఆటకు ఒప్పుకోదు. ఒక రాత్రి వేషానికే అంత ఏర్పాటున్నప్పుడు, జీవితకాలం మోయాల్సిన కాలికి ఎందుకు ఉండకూడదు?

అడుగుతున్నది పెద్దదేం కాదు. ఒక గది, వైస్ బిగించిన బల్ల, చిన్న ఓవెన్, ప్లాస్టరు, తోలు, రివెట్లు, నాలుగైదు సైజుల రబ్బరు పాదాలు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషను ఉన్న టెక్నీషియను ఒకరు. ఆదోని ఏరియా ఆసుపత్రిలో నెలకు ఒక రోజు, ఆలూరు ఆసుపత్రిలో రెండు నెలలకొక రోజు, ముందే తేదీ చెప్పి కూర్చుంటే చాలు. దేవరగట్టు కొండ కింద ఒక్క రాత్రి కోసం మంచాలు, డాక్టర్లు, అంబులెన్సులు తెప్పించగలిగిన జిల్లా యంత్రాంగానికి ఇది చేతకాని పని కాదు. తేదీలు ఎంచేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. దసరా దాటగానే ఒక రోజు, సంక్రాంతికి ముందే ఇంకో రోజు పెట్టాలి. ఆ తర్వాత పెడితే ప్రయోజనం తక్కువ, అప్పటికి కాలు బాగుచేయించుకోవాల్సినవాళ్లు గుంటూరు దిక్కున మిరప చేలల్లో ఉంటారు.